లిఫ్ట్ తెప్పించినా పైకప్పు మీదికి దిగుతానంటున్నారు

పేరు రాయవద్దంటూ ఒక పాఠకురాలు పంపిన ఉత్తరం ఇది. వాళ్లది రెండంతస్తుల ఇల్లు, పైన వాలు పెంకుల కప్పు. వెనకవైపు గోడకి ఆనించి దించిన వసారాకి పాత సిమెంటు రేకులు ఉన్నాయి. వెలుతురు కోసం వాటి మధ్యలో ఒక ప్లాస్టిక్ రేకు వేశారు. పక్కనే పెద్ద చెట్టు ఉండటంతో ఏటా చూరు వెంట వాన నీళ్లు పారే గట్టర్లు ఆకులతో నిండిపోతాయి, నీడ పడే వైపు పెంకుల మీద నాచు పట్టేస్తుంది. పదిహేనేళ్లుగా ఆమె భర్తే నిచ్చెన వేసుకుని ఎక్కి ఇదంతా శుభ్రం చేస్తున్నారు. ఆయనకిప్పుడు 56 ఏళ్లు.

కిందటేడు పని ముగించి దిగేటప్పుడు, పైకప్పు అంచు నుంచి నిచ్చెన మీద కాలు వేసిన క్షణంలో అది పక్కకి జారిపోయింది. ఆయన చూరు పట్టుకుని వేలాడారు. పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చి నిచ్చెన మళ్లీ ఆనించారు. మోచేయి గీరుకుపోవడం తప్ప ఇంకేమీ కాలేదు. కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది ఈమే. "అది నా చేతుల్లోంచి జారిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. నేను గట్టిగా పట్టుకోలేదేమో అనుకుంటాను. ఆ రోజు గురించి ఆయన ఒక్క మాట కూడా ఎత్తరు, నేనూ అడగలేదు" అని రాశారు.

ఈ ఏడాది ఆమె ఇక నిచ్చెన పట్టుకోనని చెప్పేశారు. దాంతో ఆయన బూమ్ లిఫ్ట్ అద్దెకి తెద్దామన్నారు, అంటే బూమ్ అనే పొడవాటి చేయి చివర మనిషి నిలబడే బాస్కెట్ ఉన్న యంత్రం. ఆపరేటర్ అక్కర్లేదట, ఆమె తమ్ముణ్ని తోడు తీసుకుని ఒక్క రోజులో ముగించేస్తారట. బాస్కెట్‌లో పైకి వెళ్లి, అక్కడి నుంచి పెంకుల మీదికి దిగి, గట్టి ఒత్తిడితో నీళ్లు చిమ్మే ప్రెషర్ వాషర్‌తో కొప్పు దాకా, అంటే కప్పు పైఅంచు దాకా కడిగేయాలన్నది ఆయన ఆలోచన. ఈమె అద్దెకిచ్చే కంపెనీకి ఫోన్ చేస్తే ఎంత ఎత్తు, పక్కకి ఎంత దూరం చాపాలి, నేల ఎలాంటిది, గేటు వెడల్పు ఎంత అని అడిగారు. ఒక్కదానికీ జవాబు చెప్పలేక ఫోన్ పెట్టేశారు. ఆయనేమో "లిఫ్టే తెప్పిస్తున్నాను కదా, ఇంకా ఏంటి నీ టెన్షన్?" అంటున్నారు. "నేను అతి చేస్తున్నానా? వాళ్లని చేసుకోనివ్వాలా, లేక ఎవరికైనా పని అప్పజెప్పాలా?" అని అడుగుతున్నారు.

ముందు ఆ నిచ్చెన సంగతి మాట్లాడుకుందాం. మిగతా ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతున్నట్టు నాకు అనిపించింది.

పైకప్పు మీది నుంచి నిచ్చెన మీదికి మారేటప్పుడు మనిషి పక్కకి అడుగు వేస్తాడు. అతని బరువంతా ఒక్కసారిగా నిచ్చెన పైకొసని పక్కకి నెడుతుంది. కింద ఎంత బలమైన మనిషి పట్టుకున్నా కాళ్లు వెనక్కి జారకుండా కొంత ఆపగలరు గానీ, అంత ఎత్తున పైకొస పక్కకి జారితే ఆపలేరు. దాన్ని ఆపగలిగేది పైన కట్టిన తాడు. ఎక్కేముందు నిచ్చెనని పైన రెండు వైపులా కదలకుండా కట్టాలి. ఆనే చోటుకంటే కనీసం ఒక మీటరు పైకి ఉండాలి, అప్పుడే మారేటప్పుడు చేతికి పట్టు దొరుకుతుంది. ఆనే చోటు 4 మీటర్ల ఎత్తులో ఉంటే నిచ్చెన కాళ్లు గోడకి 1 మీటరు దూరంలో ఉండాలి. ఉత్తరంలో తాడు ప్రస్తావన ఎక్కడా లేదు. మీరు వదిలేయడం వల్ల ఆ నిచ్చెన జారలేదమ్మా. మీ చేతులు చేయగలిగిన పని కాదది. ఏడాదిగా మోస్తున్న ఆ బరువుని దించుకోండి.

ఇక లిఫ్ట్. నిచ్చెన వదిలి లిఫ్ట్ గురించి ఆలోచించడం మీ ఆయన వేసిన మంచి అడుగు, ఆ మాట ఆయనతోనూ అనండి. చిక్కు లిఫ్ట్‌లో లేదు, బాస్కెట్‌లోంచి దిగుతాననడంలో ఉంది. బూమ్ లిఫ్ట్ మనిషిని కాపాడేది రెండింటితో: చుట్టూ ఉన్న రెయిలింగు, బాస్కెట్‌లోని కొక్కేనికి పొట్టి తాడుతో తగిలించుకున్న హార్నెస్, అంటే ఒంటికి కట్టుకునే పట్టీలు. ఆయన రెయిలింగు దాటి పెంకుల మీద కాలు పెట్టాలంటే ఆ హార్నెస్ విప్పుకోవాలి. అప్పుడు ఆయనకి మిగిలేది నాచు పట్టిన వాలు, కింద రెండంతస్తుల లోతు. అంటే కిందటేడు ఉన్న పరిస్థితే. పైగా మనిషి దిగగానే బాస్కెట్ మీద బరువు తగ్గి అది కాస్త పైకి లేస్తుంది, ఊగుతుంది. తిరిగి ఎక్కేటప్పుడు ఊగుతున్న అంచు మీదికి, జారుడు పెంకుల మీది నుంచి కాలు ఎత్తి వేయాలి. నిచ్చెన జారిన క్షణం గుర్తుందిగా, అదే మార్పిడి. అందుకే ఈ యంత్రాలని మామూలుగా పైకప్పు మీదికి దిగి నడవడానికి వాడకూడదు. అలా దిగే పనులు లేకపోలేదు గానీ, వాటికి తయారీదారు అనుమతి, పైకప్పు మీద వేరే పట్టు, రెండు కొక్కేల తాడు, ముందే రాసుకున్న పద్ధతి ఉండాలి. ఆదివారం బావా బావమరుదులు చేసుకునే పని కాదు.

హార్నెస్ విప్పకుండానే దిగితే సరిపోదా అని ఆయన అడగవచ్చు. ఆ తాడు పొట్టిగా ఉండేది మనిషి బాస్కెట్‌లోంచి బయటికి ఎగిరిపోకుండా. కింద చక్రం చిన్న గుంతలో పడితే ఆ కుదుపు బూమ్ చివరికి చేరేసరికి వడిసెలలోంచి రాయి విసిరినట్టు మనిషిని విసిరేస్తుంది. ఆ ప్రమాదం కోసం పెట్టిన తాడుని కట్టుకుని పైకప్పు మీద తిరగడం కుదరదు.

మీ వసారా రేకుల గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. పాత సిమెంటు రేకులు మనిషి బరువుని ఆపుతాయని ఎప్పుడూ నమ్మకూడదు. ఎండకీ వానకీ పెళుసెక్కి ఉంటాయి, ఒక్కసారిగా విరుగుతాయి. వెలుతురు కోసం వేసిన ప్లాస్టిక్ రేకు వాటికంటే ప్రమాదం. కొత్తలో తెల్లగా మెరుస్తుంది గానీ, కొన్నేళ్లకి దుమ్ము, నాచు కప్పేసి మిగతా రేకుల్లో కలిసిపోతుంది. అక్కడ ఉందని తెలిసినవాళ్లే మరచిపోయి అడుగు వేస్తారు. మీ తమ్ముడికైతే అసలు తెలియకపోవచ్చు. ఇంకో సంగతి, పాత సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ కలిసి ఉంటుంది. ప్రెషర్ వాషర్‌తో కొడితే ఆ పీచు ఊడి గాల్లో, నీళ్లలో కలుస్తుంది. దాన్ని పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు దశాబ్దాల తరవాత బయటపడతాయి. కాబట్టి ఈ ఏడాది ఆ వసారా జోలికి వెళ్లకండి. ఆ రేకుల్లో ఏముందో పరీక్ష చేయించాక దాని సంగతి చూసుకోవచ్చు.

ఫోన్‌లో అడిగిన ప్రశ్నలు మిమ్మల్ని కంగారు పెట్టాయి గానీ, అలా అడిగిన కంపెనీకి పని తెలుసు. ఏమీ అడగకుండా "రేపు పంపిస్తాం" అనేవాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి. వాళ్లు ఎందుకు అడిగారో తెలిస్తే జవాబులు మీకే దొరుకుతాయి.

ఎత్తు దగ్గర చాలామంది పొరబడతారు. కంపెనీలు చెప్పే పని ఎత్తు అంటే బాస్కెట్ అడుగు ఎక్కడికి చేరుతుందో దానికి 2 మీటర్లు కలిపిన లెక్క, మనిషి చేయి చాపితే అందే ఎత్తు అన్నమాట. గోడకి రంగు వేయడానికి ఆ లెక్క సరిపోతుంది. వాలు కప్పుని శుభ్రం చేయాలంటే మనిషి పెంకులకి పైనుంచి కిందికి చూస్తూ పనిచేయాలి. అంచేత మీరు పని ఎత్తు కాకుండా ప్లాట్‌ఫాం ఎత్తు, అంటే బాస్కెట్ అడుగు చేరే ఎత్తు ఎంతో అడగండి. మీ కొప్పు 9 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, 9 మీటర్ల పని ఎత్తున్న యంత్రంలో ఆయన కాళ్లు 7 మీటర్ల దగ్గరే ఆగుతాయి. అప్పుడు రెయిలింగు మీద నిలబడటం, బాస్కెట్‌లో స్టూల్ వేసుకోవడం, ఇక దిగిపోదామనుకోవడం మొదలవుతాయి. చాలినంత ఎత్తు లేని లిఫ్టే మనిషిని తప్పు పనికి తోస్తుంది.

పక్కకి చాపే దూరం కూడా అంతే ముఖ్యం. యంత్రాన్ని వసారా అవతల నిలపాలి కదా. అక్కడి నుంచి రేకుల మీదుగా పెంకుల దాకా, వీలైతే కొప్పు దాకా బూమ్ చాపాలి. ఎంత ఎత్తులో ఎంత దూరం చాపగలదో చూపించే పటం ఒకటి ప్రతి యంత్రానికీ ఉంటుంది. ఎక్కువ ఎత్తున్న చోటే ఎక్కువ దూరం కూడా అందుతుందనుకోకూడదు. ఆ పటం పంపమని అడిగి మీ ఇంటి కొలతల పక్కన పెట్టి చూడండి. మీ పనికి మధ్యలో మడిచే బూమ్ కావాలి, అదే అడ్డాన్ని దాటుకుని వెళ్లగలదు. సిజర్ లిఫ్ట్ తిన్నగా పైకే వెళ్తుంది, వసారా దాటి రాలేదు. ఎవరైనా అద్దె తక్కువని దాన్ని అంటగట్టబోతే ఒప్పుకోకండి.

నేల సంగతికి వస్తే, గట్టిగా కనిపించే నేల కింద ఏముందో మీకే తెలుసు, యంత్రం తెచ్చేవాళ్లకి తెలియదు. సెప్టిక్ ట్యాంకు, మూత వేసిన కాలువ, ఈమధ్య తవ్వి పూడ్చిన పైపులైను, మట్టి పోసి చదును చేసిన మూల, ఇవన్నీ ముందే చూపించండి. మీకు సరిపడే బూమ్ లిఫ్టులు టన్నుల్లో బరువుంటాయి. ఆ బరువు నాలుగు చక్రాల మీదో, పక్కలకి చాపి నేలకి ఆనించే నాలుగు అవుట్‌రిగ్గర్ కాళ్ల మీదో పడుతుంది. బూమ్ ఒక వైపుకి చాపినప్పుడు అందులో చాలా భాగం ఆ వైపు కాలు మీదికే వచ్చేస్తుంది. కాళ్ల కింద వెడల్పాటి పలకలు వేయడం తప్పనిసరి. గేటు ఇరుకైతే పాకుడు పట్టాల మీద నడిచే స్పైడర్ లిఫ్ట్ ఉందేమో అడగండి. వాటిలో కొన్ని మీటరుకంటే తక్కువ వెడల్పు సందులోంచి కూడా వెళ్తాయి, బరువూ తక్కువ.

మీ ఉత్తరంలో కరెంటు తీగల ప్రస్తావన లేదు. ఇంట్లోకి వచ్చే తీగ ఎటువైపు నుంచి వస్తుందో చూడండి. ప్రత్యేకంగా చేయించినవి తప్ప మామూలు లిఫ్ట్ బాస్కెట్లకి కరెంటు నుంచి రక్షణ ఉండదు. అమెరికా భద్రతా నిబంధనల్లో 50 కిలోవోల్టుల వరకు ఉన్న తీగలకి కనీసం 10 అడుగుల దూరం పాటించమంటారు. మనిషి చేతిలోని పొడవాటి బ్రష్షు, నీళ్ల గొట్టం కూడా ఆ దూరంలోకి లెక్కే. అంత దూరం కుదరకపోతే ఆ రోజుకి సరఫరా ఆపమని విద్యుత్ సంస్థని ముందే అడగాలి.

ఇప్పుడు మీ ముందు ఏమేం దారులున్నాయో చూద్దాం.

లిఫ్ట్‌ని ఆపరేటర్‌తో సహా తీసుకోవడం ఒక దారి. అద్దె పెరుగుతుంది. కానీ నడిపేది రోజూ అదే పని చేసేవాడు, పైకప్పు మీదికి దిగుతానంటే ఒప్పుకోడు. ఇంట్లో వాదన పెట్టుకోకుండానే ఆ హద్దు అక్కడ నిలుస్తుంది. బాస్కెట్‌లో ఆపరేటర్‌తో పాటు మీ ఆయన ఉండి శుభ్రం చేసుకోవచ్చు, పదిహేనేళ్లుగా చేస్తున్న పని ఆయన చేతిలోనే ఉంటుంది. బాస్కెట్ ఎంత బరువు మోస్తుందో మాత్రం కనుక్కోండి. మామూలుగా రెండు వందల కిలోల పైమాటే, కానీ ఇద్దరు మనుషులు, పనిముట్లు, నీళ్లు అన్నీ అందులోనే. ఒక్క బకెట్ నీళ్లే పదిహేను కిలోలుంటాయి. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు ఎక్కువగా నచ్చుతున్నది ఈ దారే.

ఆయనే నడపాలనుకుంటే అది రెండో దారి. తప్పని అనను, కానీ అరగంట చూపిస్తే వచ్చేది కాదు. ఐపాఫ్ అనే అంతర్జాతీయ సంస్థ 1983 నుంచి ఈ రంగంలో ఉంది. వాళ్ల శిక్షణలో కదిలే బూమ్ లిఫ్టులకి 3బి అని ఒక ప్రత్యేక తరగతి ఉంటుంది. అందులో నెగ్గినవాళ్లకి ఇచ్చే కార్డు 5 ఏళ్లు చెల్లుతుంది. ఇలాంటి శిక్షణ తీసుకున్నాక కూడా, తెచ్చిన యంత్రం మీద మీటలు ఎక్కడున్నాయో, అత్యవసరంగా ఎలా దించాలో కంపెనీ మనిషి చేసి చూపించాలి. చివరిసారి తనిఖీ ఎప్పుడు చేశారో కాగితం చూపించమనండి. మనుషులని ఎత్తే యంత్రాలని బ్రిటన్‌లో 6 నెలలకోసారి తనిఖీ చేయిస్తారు. మీకు దొరికే యంత్రానికి ఏడాది దాటిన కాగితం ఉంటే వద్దనండి. యంత్రం దెబ్బతిన్నా, మనిషికి దెబ్బ తగిలినా బీమా ఎవరిది అన్నది కూడా రాతలో ఉండాలి. ఏటా చేసే పని కాబట్టి శిక్షణ వృథా కాదంటే అదీ నిజమే. ఏడాదికి ఒక్కరోజు నడిపే చేతికి అలవాటు నిలవదన్నదీ నిజమే.

పని మొత్తం ఎవరికైనా అప్పజెప్పడం మూడో దారి. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. వాళ్లు కూడా నిచ్చెనా తాడూ వేసుకుని ఎక్కేవాళ్లయితే, ప్రమాదాన్ని మన ఇంటి మనిషి మీది నుంచి ఇంకొకరి ఇంటి మనిషి మీదికి మార్చినట్టే. ఎలా ఎక్కుతారు, వాళ్ల బీమా ఏంటి అని అడిగాకే ఒప్పుకోండి. మీ ఆయనకి ఇది నచ్చకపోవచ్చు, దాని గురించి చివర్లో చెబుతాను.

నాలుగోది ఎవరూ పైకి వెళ్లకుండా సగం పని ముగించడం. గట్టర్లలో ఆకులని కింద నిలబడే లాగేసే పొడవాటి గొట్టపు వాక్యూమ్‌లు, చివర కెమెరా ఉన్నవి అద్దెకి దొరుకుతాయి. పడే ఆకులని ఆపడానికి గట్టర్ల మీద జాలీ వేయించవచ్చు. చెట్టు కొమ్మలు పైకప్పు మీదికి వాలకుండా కొట్టిస్తే నాచూ తగ్గుతుంది. ఇవన్నీ చేస్తే లిఫ్ట్ ఏటా కాకుండా రెండు మూడేళ్లకోసారి సరిపోవచ్చు. నాచు పట్టిన పెంకులు మాత్రం వీటితో శుభ్రం కావు.

ఏ దారి పట్టినా ప్రెషర్ వాషర్ వదిలేయమనండి. ఆ ఒత్తిడికి పెంకుల పైపొర లేచిపోతుంది, నీళ్లు పెంకుల సందుల్లోంచి లోపలి చెక్కలోకి దూరతాయి. గన్ వెనక్కి తన్నే దెబ్బకి బాస్కెట్‌లో మనిషి తూలతాడు. నాచుని గీకే పనిముట్టుతో, గట్టి బ్రష్షుతో తీసి, మిగిలినదానికి నాచు మందుని తక్కువ ఒత్తిడితో చల్లితే చాలు. మందు నీళ్లు పడే చోట మొక్కలుంటే కప్పి ఉంచండి.

వాతావరణం కలిసిరాకపోతే పని వాయిదా వేసే వీలు ఒప్పందంలో పెట్టించుకోండి. బయట వాడే బూమ్ లిఫ్టులు చాలావరకు సెకనుకి 12.5 మీటర్ల గాలి వరకే, అంటే గంటకి 45 కిలోమీటర్ల వరకే. ఆ రోజు గాలి ఎక్కువైనా "అద్దె కట్టేశాం కదా" అని ఎక్కేయడం చాలా సులభంగా జరిగిపోతుంది.

ఒకవేళ మీ ఆయనా తమ్ముడే చేసుకుంటే, మీరు చేయగల పని ఒకటుంది, అది నిచ్చెన పట్టుకోవడం లాంటిది కాదు. ప్రతి బూమ్ లిఫ్ట్‌కీ కింద ఇంకో జత మీటలుంటాయి. బాస్కెట్‌లో మనిషి స్పృహ తప్పినా, ఇంజను ఆగిపోయినా, కింద ఉన్నవాళ్లు వాటితో దించగలరు. హార్నెస్‌కి వేలాడిపోయిన మనిషిని నిమిషాల్లో కిందికి తేవాలి, ఎవరో వచ్చేదాకా ఆగకూడదు. కాబట్టి కింద ఒకరు ఉండి తీరాలి, వాళ్లకి ఆ మీటలు తెలిసి తీరాలి. బాస్కెట్ ఖాళీగా, తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు కంపెనీ మనిషి ఎదుటే మీ చేత్తో రెండు మూడుసార్లు దించి చూడండి. ఈసారి మీ చేతులకి నిజంగా పని జరిగే మీట ఉంటుంది. అక్కడ నిలబడటం మీవల్ల కాదనిపిస్తే అదీ తప్పు కాదు, అప్పుడు తమ్ముణ్ని కింద ఉంచండి. ఇద్దరూ పైకి ఎక్కేసి కింద ఎవరూ లేకుండా మాత్రం వద్దు.

అతి చేస్తున్నానా అన్నారు. లేదు. పనిచోట చనిపోయేవాళ్ల లెక్కలు తీసే దేశాల్లో ఎత్తు నుంచి పడటం ఏళ్ల తరబడి ముందు వరుసలోనే ఉంటోంది. మీ భయం కళ్లారా చూసినదాని నుంచి పుట్టింది.

మీ ఆయన మౌనం గురించి నాకు తోచింది చెబుతాను, తప్పైతే వదిలేయండి. చూరు పట్టుకుని వేలాడిన మనిషికి ఆ క్షణం మీకంటే ఎక్కువగానే గుర్తుండి ఉంటుంది. లిఫ్ట్ తెద్దామన్నదే ఆయన నోట రాని మాట కావచ్చు. ఆ మాట మీదే "ఇంకా ఏంటి" అంటూ వాదన పెరిగితే ఆయన పాత మొండితనంలోకి వెళ్లిపోతారు. అందుకని పది షరతులు పెట్టకండి. బాస్కెట్‌లోంచి కాలు బయట పెట్టకూడదు, ఈ ఒక్కటే అడగండి. అది ఒప్పుకుంటే ఎత్తు చాలే యంత్రం, సరైన చోటు, ఆపరేటర్ అవసరం, అన్నీ దాని వెంటే వస్తాయి. ఒప్పుకోకపోతే ఆపరేటర్ లేకుండా బుక్ చేయడానికి మీరు ఒప్పుకోకండి, తమ్ముడికి కూడా మీరే ఫోన్ చేసి ఎందుకో చెప్పండి. పని అప్పజెప్పడం గురించి ఆయన నొచ్చుకుంటే, పైన ఎక్కడ ఏ పెంకు వదులైందో, ఏ మూల నీళ్లు నిలుస్తాయో చూపించి పని చేయించేది ఆయనేనని చెప్పండి. అది ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియదు కదా.

కంపెనీకి మళ్లీ ఫోన్ చేసేముందు ఒక సాయంత్రం ఇద్దరూ టేపు తీసుకుని ఇంటి చుట్టూ తిరగండి. గేటు వెడల్పు, వసారా వెడల్పు, గోడ నుంచి యంత్రం నిలిపే చోటుకి దూరం కొలవండి. కొప్పు దాకా లేచే పక్క గోడ మీద ఇటుక వరసలు కనిపిస్తుంటే, వాటిని లెక్కపెట్టినా కొప్పు ఎత్తుకి దగ్గరి అంకె వస్తుంది. టేపు ఒక కొస ఆయన చేతికివ్వండి, రెండోది మీరు పట్టుకోండి. ఆ కాగితం చూస్తూ ఫోన్ మాత్రం ఆయన్నే చేయమనండి.